యాభై నిమిషాల దూరం

ఫాస్టు రైలు మొదలైన రోజున లేత్ మావయ్య షాపు మూసి స్టేషనుకి వెళ్లాడు. లేత్ మిషను మీద ముప్పయ్యేళ్లుగా ఇనుముని వెన్నలా చెక్కుతున్నాడని అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు.

"మహానగరం ఇక యాభై నిమిషాలే. కొత్త వస్తువు ఎవరు కనిపెట్టినా మన షాపుకి రాక చస్తారా?" అన్నాడు మేనకోడలితో.

ఏడాది తిరిగేసరికి వీధిలో నాలుగు షాపులు మూతపడ్డాయి. రావలసినవాళ్లు రాలేదు. ఉన్నవాళ్లే పొద్దున్నే రైలెక్కి అటు పోతున్నారు. అక్కడి ల్యాబులో చేరిన మేనకోడలు కూడా.

మిగిలింది ఒక చెయ్యి. చేతులు పోయినవాళ్ల కోసం మూడేళ్లుగా ఇద్దరూ కలిసి చేసిన లోహపు చెయ్యి. దాని బొటనవేలి కీలు పాత రైల్లో పుట్టింది. ఆరు గంటల ప్రయాణంలో ఊసుపోక డబ్బా మూత మీద సుద్దతో గీసుకున్నారు. ఇప్పుడు ల్యాబువాళ్లు అలాంటివి వెయ్యి చేయిస్తారట. ఆ పని దొరికితే షాపు బతుకుతుంది. లేకపోతే లేత్ తుక్కులోకి పోతుంది.

"డ్రాయింగులు అడుగుతున్నారు మావయ్యా."

"కాగితాలెందుకే? కొలతంతా ఇక్కడుంది." బొటనవేలు చూపించాడు. వెంట్రుకవాసి తేడా ఉన్నా తడిమి చెప్పేస్తాడాయన. ఏనాడూ ఏదీ రాసిపెట్టుకోలేదు.

"అయితే నీ వేలు కోసి పట్టుకెళ్లనా?"

"వేలొక్కటే దేనికి, మనిషినే వస్తాను పద."

ల్యాబులో తెల్లకోటు ఇంజినీరు ఆ లోహపు చేతిని విప్పి, ముక్కలన్నీ గాజుపెట్టెలో పరిచాడు. సన్నని ఎర్రటి వెలుగు వాటి మీద మెల్లగా నడిచింది. తొమ్మిది నిమిషాల్లో ఆయన ముప్పయ్యేళ్ల స్పర్శ తెర మీద అంకెలై నిలబడింది.

"గొప్ప పనితనం సార్. ఇక మీకు శ్రమ లేదు."

"మరి తయారుచేసేది?"

"పక్కగదిలోనే. సాయంత్రానికి పది వచ్చేస్తాయి."

మేనకోడలు తల దించుకుంది. "నేను చెప్పి చూశాను మావయ్యా."

"చెప్పే ఉంటావులే తల్లీ."

తిరుగు రైల్లో ఆయన బొటనవేలితో కిటికీ అద్దాన్ని తడుముతూ కూర్చున్నాడు. ఎక్కడా గరుకు లేదు. ఇంటి దగ్గర భార్య గుమ్మంలోనే నిలబడి ఉంటుంది. పాత రైలైతే ఆరు గంటలు దొరికేవి, నమ్మదగ్గ అబద్ధం ఒకటైనా తయారయ్యేది. మొదటి మాట కోసం వెతుక్కుంటూ ఉండగానే స్టేషను వచ్చేసింది.