వేలికి తగలని గీతలు

పాకాలలో కార్లకు టింకరింగ్ చేసే చిన్నబ్బ, రంగు ఆరాక, సొట్ట తీసిన చోట కళ్లు మూసుకుని బొటనవేలితో తడిమి చూస్తాడు. "వేలికి తగిలితే అది పనే కాదప్పా" అంటాడు. సాయంత్రాలు మునిప్రసాద్ టీకొట్టులో, పాత కార్లను కొత్తవిగా చేసే ఇంగ్లీషు ప్రోగ్రాం చూస్తాడు. మాటలు అర్థం కాకపోయినా వాళ్ల చేతులకేసే చూస్తూ, "లప్పం శానా మందంగా పూసినారు" అని వంకలు పెడతాడు. ఒకరోజు టీవీలో కారు పక్కన నిలబడ్డ ఒక ముసలాయన పాత ఫోటో చూపించారు. ఆయన కొడుకు, మెరిసిపోతున్న అదే కారును చూసి వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఎంత ఆనందమో సూడు మామా" అన్నాడు మునిప్రసాద్. "ఆనందం కాదబ్బా. వాళ్ల నాయన గుర్తులన్నీ సాపు చేసేసినారు" అంటూ చిన్నబ్బ సగం టీ వదిలేసి లేచాడు. బయట తన ఫియట్ ఉంది. ఇరవై ఏళ్లు పక్కసీట్లో కూర్చుని, ఎడమ తలుపు మీద చెయ్యి ఆనించిన భార్య పంకజాక్షి గాజులు అక్కడ గీతలు పెట్టాయి. ఆమె చనిపోయిన నెలలోనే, చేతులు ఊరికే ఉండలేక, ఆ గీతలకు తనే లప్పం పెట్టి రంగు కొట్టాడు. ఇప్పుడు కళ్లు మూసుకుని బొటనవేలితో అక్కడ మెల్లగా తడిమాడు. పని బాగా కుదిరింది. వేలికి ఏమీ తగల్లేదు.