ప్రతివాది జవాబు

వాన వెలిశాక కుళ్ళిన వరినారు వాసన తగిలితే చాలు, ఏలూరులో మా సీనియరు ప్లీడరు సుబ్బారాయుడు గారి వరండా గుర్తొస్తుంది. పంతొమ్మిది వందల ముప్పైల్లో ఆయన దగ్గర జూనియరుగా చేరాను. ఆయనకో చాదస్తం ఉండేది. నష్టపరిహారానికి ఏ దావా రాసినా, కోర్టుకు పంపే ముందు ప్రతివాది ఇవ్వబోయే జవాబు కూడా నా చేతే రాయించేవారు. "ఎదుటివాడు తప్పు చేశాడా, ఆ తప్పువల్లే మనవాడు నష్టపోయాడా అన్నది సగమేనోయ్. గత్యంతరం లేక చేశాడేమో, మనవాడి చెయ్యీ ఉందేమో, అదీ చూడు" అనేవారు. పని రెండింతలు! లోలోపల తెగ విసుక్కునేవాణ్ణి.

ఆ ఏడు వానలకు కొల్లేరు పొంగింది. ఆకివీడు దగ్గరి రైతు యేసోబు వచ్చాడు. పక్కచేను వెంకన్న తన పొలంలో నిలిచిన నీళ్ళు పోవడానికి గట్టు తెగ్గొట్టాడు, ఆ నీళ్ళు యేసోబు నాట్లు ఊడ్చిన చేనంతా ముంచేశాయి. మళ్ళీ ఊడ్చడానికి నారు లేదు. ఆ పంట పోతే ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి లేదు. కుళ్ళిన నారు పిడికెడు గుడ్డలో కట్టి తెచ్చి బల్లమీద పెట్టాడు. నేను ఆవేశంగా దావా రాశాను. చేపల కోసం మురుగుకాలువకు అడ్డంగా తడికలు కట్టానని కూడా అతను మాటల మధ్యలో చెప్పాడు. అది మాత్రం వదిలేశాను. పూర్తిగా నా చేతికిచ్చిన మొదటి కేసు, గెలవాలన్న యావ.

సుబ్బారాయుడు గారు వెంకన్న జవాబు రాయమన్నారు. కలం సాగలేదు. తడికలవల్లే కాలువలో నీళ్ళు కదల్లేదని, వేరే దారిలేక గట్టు కొట్టానని వెంకన్న తరఫున రాయక తప్పలేదు. ఆయన అది చదివి, యేసోబును పిలిచి కూర్చోబెట్టారు.

"యేసోబు గారూ, తడికలు మీవేనాండీ?"

"మావేనండి. చిన్న ప్లీడరుగారికి చెప్పానండి."

నా తల వాలిపోయింది. ఆయన నావైపు చూడనైనా లేదు. "మావాడు నాతో అన్నాడండి, నేనే మరిచాను" అన్నారు. ఓరి నాయనో, చెంప పగలగొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

వెంకన్నకు కబురు పెట్టారు. "ఒంటి చేత్తో చప్పట్లు మోగవండీ" అని ఇద్దరికీ నచ్చజెప్పారు. వెంకన్న తన మిగులు నారు ఇచ్చాడు, యేసోబు తడికలు పీకేశాడు. దావా కోర్టు మెట్లెక్కలేదు.

ఇప్పటికీ ఎవరిమీద కోపం వచ్చినా ముందు వాళ్ళ జవాబు రాసుకుంటాను. చాలాసార్లు నా కోపం అక్కడే చల్లారిపోతుంది. ఒక్క దావా మాత్రం తెగలేదు. ఆనాటి తప్పుకు ఆయన్ని క్షమించమని అడగాలనుకుంటూ వాయిదాలు వేశాను, ఈలోగా ఆయన లోకం విడిచి వెళ్ళిపోయారు. ఆ దావాలో ప్రతివాదిని నేనే. ఎన్నిసార్లు కూర్చున్నా జవాబు రాయలేకపోతున్నాను.