అమ్మకు భాష రాదు

బతుకుతెరువుకు వచ్చిన ఆ పరాయి దేశంలో, వీధిలోని మనవాళ్లు ఆమెను దుప్పట్లావిడ అంటారు. హోటళ్ల నుంచీ ఆసుపత్రుల నుంచీ వచ్చే దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో పదమూడేళ్లుగా ఆమెది ఒకటే పని. తడి దుప్పటికి ఒక మూల తనూ, ఇంకో మూల జోడీ మనిషీ పట్టుకుని, ఒక్కసారి గట్టిగా విదిలించి, వేడి రోలర్ల మధ్యకు అందించాలి. జోడీ మనిషిది వేరే దేశం, వేరే భాష. తొమ్మిదేళ్లుగా ఇద్దరూ భుజాలతో, కనుబొమలతోనే మాట్లాడుకుంటున్నారు. ఒక్కనాడూ మాట పట్టింపు రాలేదు.

ఆమె గురించి అందరికీ తెలిసిన ఇంకో సంగతి, ఆమెకు ఆ దేశపు భాష రాదని. అది శుద్ధ అబద్ధం. పైగా ఆ అబద్ధాన్ని పుట్టించింది ఆమే.

కూతురికి ఎనిమిదేళ్లప్పుడు తల్లీకూతుళ్లు బస్సులో తప్పు టికెట్టుతో దొరికిపోయారు. "అమ్మకు భాష రాదు, అర్థం కాలేదు అని చెప్పు" అని ఆమె పిల్ల చెవిలో ఊదింది. పిల్ల చెప్పింది. టికెట్లు చూసేవాడు జాలిపడి వదిలేశాడు. ఇక అప్పట్నుంచి ఆ మాటే ఇంటికి గొడుగైంది. గోడకు మేకులు కొట్టారని ఇంటి ఓనరు మీదికొస్తే అదే మాట, ఆసుపత్రికి చెప్పిన తేదీన వెళ్లకపోతే అదే మాట. పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని చెబుతుంటే ఎంతటివాడైనా మెత్తబడేవాడు. ఏకు మేకవుతుందని అప్పుడెవరికి తెలుసు?

నిజానికి ఆ భాష ఆమెకు పిల్లతోపాటే వచ్చేసింది. వంటింట్లో కూర్చుని పిల్ల గట్టిగా చదివిన ప్రతి పాఠాన్నీ ఆమె కూరలు తరుగుతూ విన్నది. నదుల పేర్లు, రాజుల యుద్ధాలు, కప్ప గుండెకు ఎన్ని గదులో, అన్నీ విన్నది. పిల్ల పడుకున్నాక ఆ పుస్తకాలే తిరగేసి చదవడమూ నేర్చుకుంది. ఒకసారి బడి గేటు దగ్గర ధైర్యం చేసి టీచరుతో నాలుగు మాటలు మాట్లాడింది కూడా. పక్కన పిల్లలు కిసుక్కుమన్నారు. పదేళ్ల కూతురు ఆమె చెయ్యి గిల్లి, "నువ్వు మాట్లాడకమ్మా, నేను చెప్తాగా" అంది. ఆమె నోరు మూసుకుంది. ఆ భాషలో మళ్లీ తెరవలేదు.

పిల్లకు చదువు బాగా అబ్బింది. కాలేజీకి వచ్చింది. ఇంట్లో తెలుగు తగ్గీ తగ్గీ, తిన్నావా, తిన్నాను, తలుపేసుకో, ఇంత దగ్గర ఆగింది. అసలు కబుర్లన్నీ ఫోన్లో, స్నేహితులతో, ఆ భాషలో. తల్లి పక్కనే ఉన్నా గొంతు తగ్గించేది కాదు. కుర్చీ ఉందనీ బల్ల ఉందనీ ఎవరైనా గొంతు తగ్గిస్తారా? ఒక సాయంత్రం, "మా అమ్మతో మాట్లాడ్డానికి నా దగ్గర ఏమీ ఉండదు, ఆవిడ లోకమంతా దుప్పట్లే" అని నవ్వింది. ఆమె చిక్కుళ్లకు ఈనెలు తీస్తూ విన్నది. అయినా బయటపడలేదు. బయటపడితే పిల్ల ఆ గదిలో మాట్లాడటం మానేస్తుంది. పిల్లకు పరీక్షలంటే భయమనీ, రాత్రిళ్లు నిద్ర పట్టదనీ, ఎవరో అబ్బాయి మాట తప్పాడనీ ఆమెకు తెలిసింది ఆ ఫోను వల్లే. కూతురు ఆమెకు ఆ మాత్రమే మిగిలింది.

ఇలా ఉండగా లాండ్రీలో కొత్త సూపర్‌వైజరు వచ్చాడు. రోలర్ల ముందు ఒక ఎర్ర కడ్డీ ఉంటుంది. దానికి చెయ్యి తగిలితే చాలు, రోలర్లు ఆగిపోతాయి. మాటిమాటికీ ఆగి పని వెనకబడుతోందని ఆ మహానుభావుడు కడ్డీని కదలకుండా తీగతో కట్టించి, దాన్ని ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. నాలుగో రోజున జోడీ మనిషి చొక్కా చెయ్యి రోలర్లో చిక్కుకుంది. ఆమె దుప్పటి వదిలేసి, జోడీ మనిషి భుజం పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. చొక్కా చిరిగింది, చెయ్యి దక్కింది. ఆమె గోడ మీది స్విచ్చు నొక్కి యంత్రం ఆపేసి, పట్టకారు తెచ్చి ఆ తీగ తెంపేసి, చేతులు కట్టుకుని నిలబడింది. సూపర్‌వైజరు గంటసేపు అరిచాడు. ఆమె నిమ్మకు నీరెత్తినట్టు నిలబడే ఉంది.

మర్నాడు ఆఫీసువాళ్లు ఒక కాగితం చేతికిచ్చారు. భాష రానందువల్ల సూపర్‌వైజరు చెప్పింది తనకు అర్థం కాలేదనీ, ఇకపై ఇలా జరగదనీ రాసుంది. సంతకం పెడితే ఉద్యోగం ఉంటుంది. ఆమె బస్‌స్టాపులో నిలబడి రెండుసార్లు చదువుకుంది. ఇంటికొచ్చి ఏమీ ఎరగనట్టు కూతురికిచ్చింది. కూతురు చదివి, మామూలు కాగితమేననీ, సంతకం పెడితే గొడవ వదిలిపోతుందనీ చెప్పింది. ఇళ్లకు రంగులు వేసే భర్త, ఊరుకున్నంత ఉత్తమం, బోడిగుండంత సుఖం లేదన్నాడు. గుండు మీరు చేయించుకోండి, ఊరుకోవడం మాత్రం నా వల్ల కాదని ఆమె కంచాలు తీసింది.

సంతకం పెట్టకపోవడంతో ఆఫీసువాళ్లు విచారణకు పిలిచారు, కూతురే వెంట వచ్చింది. బల్లకు అవతల మేనేజరు, పక్కనే సూపర్‌వైజరు. ఏం జరిగిందని అడిగారు.

"తీగ తెంపింది నేనేనని చెప్పు. మళ్లీ కడితే మళ్లీ తెంపుతానని కూడా చెప్పు" అంది ఆమె తెలుగులో.

కూతురు మేనేజరు వైపు తిరిగి నెమ్మదిగా నవ్వింది. అమ్మ క్షమించమంటోందనీ, పాపం భాష రాదనీ, ఆయన చెప్పింది అర్థం కాలేదనీ చెప్పింది. పాము చావకుండా, కర్ర విరగకుండా ఎంత చక్కగా చెప్పిందో! మేనేజరు ముఖం మెత్తబడింది. కాగితం, పెన్నూ ముందుకు జరిగాయి. సూపర్‌వైజరు కుర్చీలో వెనక్కి వాలాడు.

సంతకం పెడితే రేపే తీగ మళ్లీ కడతారు, ఈసారి చిరిగేది చొక్కా కాదు. నోరు విప్పితే ఇంట్లో ఆ ఫోను మాటలు ఇక వినబడవు. పక్కకు తిరిగి పిల్ల ముఖం ఒక్కసారి చూసుకుంది. పెన్ను వెనక్కి తోసింది. తర్వాత ఆ దేశపు భాషలో, మన సాగదీతతోనే, ఒక్కో మాటా ఏరుకుంటూ మొదలుపెట్టింది.

"నా కూతురు తప్పు చెప్పింది. ఆయన చెప్పింది నాకు అర్థమైంది. ఎందుకు చెప్పాడో కూడా అర్థమైంది. ఈ కాగితంలో ఉన్నది అబద్ధం, నేను సంతకం పెట్టను. తీగ కడితే తెంపుతాను. పనిలోంచి తీసేస్తారా, తీసెయ్యండి. ఎందుకు తీశారో రాసివ్వండి."

ఎవరూ నవ్వలేదు. మేనేజరు అలవాటుగా కూతురి వైపు తిరిగి, ఏమంటోంది ఈవిడ అని అడిగాడు.

"నన్ను అడగండి" అంది ఆమె.

మేనేజరు సూపర్‌వైజరును ఆ తీగ సంగతి ఏమిటని అడిగాడు. పని వెనకబడుతోందని తనే కట్టించానని వాడు ఒప్పుకున్నాడు. చివరికి యంత్రం ఆపినందుకు ఆమెను వారం రోజులు జీతం లేకుండా ఇంట్లో ఉండమన్నారు. కట్టిన తీగలన్నీ ఆ పూటే తీసేయమన్నారు. ఆ రెండూ కాగితం మీద రాయించుకునేదాకా ఆమె కుర్చీ వదల్లేదు.

బస్సు కోసం నిలబడ్డారు. కూతురు, ఎప్పట్నుంచి వచ్చు అని ఆ భాషలోనే అడిగింది. నీ మూడో తరగతి నుంచి అని ఆమె తెలుగులో చెప్పింది. పిల్లకు ఒక్కొక్క సాయంత్రమే గుర్తొస్తున్నట్టుంది.

"ఫోన్లో మాట్లాడినవన్నీ విన్నావా?"

"అన్నీ."

పిల్లకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "అంటే ఇన్నేళ్లూ దొంగచాటుగా విన్నావా?"

"దొంగచాటెక్కడే? నీ ఎదురుగానే కూర్చున్నాను. నువ్వే చూడలేదు. ఇకనుంచి నన్ను ఏమైనా అనాలంటే నాతోనే అను. ఏ భాషలో అన్నా సరే, జవాబు చెప్తాను."