బాపు కారు మీద గీతలు

మొన్న మా అపార్ట్‌మెంటు గేటుకు రంగు వేస్తుంటే టర్పెంటైన్ వాసన మూడో అంతస్తు దాకా వచ్చింది. ఇంట్లోవాళ్ళు కిటికీలు మూసుకున్నారు గాని, నేను వంటింటి కిటికీ దగ్గరే కాసేపు నిలబడిపోయాను. ఆ వాసనకు నా వయసు అరవై ఏళ్ళు తగ్గి, నాంపల్లిలో మా ఇరుకు సందు, గోడకు ఆనుకుని నిలిపిన బాపు కారు, దాని పక్కన సుద్దముక్క పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్న తొమ్మిదేళ్ళ పిల్ల కళ్ళ ముందు కదిలినట్టయింది. ఆ పిల్లను నేనే.

బాపు అంటే మా నాన్న. ఆయనకు అబిడ్స్‌లో కళ్ళద్దాల దుకాణం ఉండేది. ఊరు విడిచి పోతున్న ఒక రైల్వే దొర దగ్గర ఆయన ఒక పాత విలాయతీ కారు కొన్నాడు. గుడ్డ టాపు, వెలిసిపోయిన ఆకుపచ్చ రంగు, ముందు హాండిల్ పెట్టి తిప్పితే గాని లేవని ఇంజను. ఇంటి నుంచి దుకాణానికి నడిస్తే పావుగంట. కొన్ని రోజులు ఆ కారు కదలడానికే అంతకన్నా ఎక్కువసేపు పట్టేది. అయినా బాపు రోజూ తొమ్మిదింటికి దానిమీదే పోయేవాడు, మధ్యాహ్నం భోజనానికి దానిమీదే వచ్చేవాడు, అప్పట్లో వారపు సెలవైన శుక్రవారం నాడు దాని కింద గోనెసంచి పరుచుకుని పడుకునేవాడు. ఆయన చొక్కాలకు ఏడాది పొడుగునా కిరసనాయిలు వాసన ఉండేది.

ఆ ఏడు వానలు మొదలైనప్పుడు ఒక జాగీర్దారు కారు దుకాణం ముందు ఆగిందట. దాని తలుపులో బాపుకు తన మీసాలు ఒక్కొక్క వెంట్రుకా కనబడ్డాయట. ఆ సాయంత్రం నుంచి ఇంట్లో ఒకటే మాట, దసరా లోపల కారుకు రంగు వేయించాలని. అబిడ్స్‌లో మిషనుతో రంగు చిమ్మే కార్ఖానాలో అడిగితే నూట నలభై రూపాయలన్నారు. నాంపల్లి స్టేషను దగ్గర జట్కాలకు కుంచెతో రంగువేసే ఖాదర్ చాచాను అడిగితే పదిహేను చాలన్నాడు.

"నూట నలభై రూపాయల రంగేసినంక దాన్ని రోడ్డు మీదికి తీస్తరా, సందూకల పెట్టి తాళమేస్తరా?" అంది అమ్మ, రొట్టెల పిండి పిసుకుతూ.

"జర ఆగు," అన్నాడు బాపు. "దాని మీద నెలకెన్ని గీతలు వడ్తున్నయో తెలిస్తే ఎంత రంగెయ్యాల్నో తెలుస్తది."

ఆ గీతలు చూసే పని నాకు అప్పగించాడు. రోజూ బడి నుంచి రాగానే కొత్త గీత ఎక్కడ పడిందో వెతికి, పక్కన సుద్దతో సున్నా చుట్టి, అది ఎవరి వల్ల పడిందో కనుక్కోవాలి. గచ్చకాయలాట మానుకుని మరీ ఆ పనిలో పడ్డాను. మడ్గార్డు మీది చిన్న నొక్కులు సందులో తిరిగే ఒక మేకవి. గోడ మీంచి వంగిన మునగకొమ్మ అందుకోవడానికి అది కారెక్కేది. వెనకవైపు పొడుగు గీత కట్టెల బండిది. బానెట్టు మీద గుండ్రటి గీతలు మాత్రం నాలుగు రోజులు అంతుబట్టలేదు. ఒక మధ్యాహ్నం తలుపు సందులోంచి చూస్తే, ఎదురింటి సత్తెమ్మ, ముసురుకు మెత్తబడ్డ సాబుదాన, అంటే సగ్గుబియ్యం, పాపడాలను ఇత్తడి తాంబాళంలో పరిచి, బాపు అప్పుడే తెచ్చి నిలిపిన కారు బానెట్టు మీద పెడుతోంది. ఇంజను వేడికి అవి గంటలో గలగలలాడేవట. నన్ను చూసి రెండు పాపడాలు చేతిలో పెట్టింది. ఆ గీత ఎవరిదో బాపుకు రెండు రోజులు ఆలస్యంగా చెప్పాను.

ఒక్కటి మాత్రం నాకు తేలలేదు. ఎడమవైపు, అంటే గోడవైపు కాక సందువైపు, నా భుజమంత ఎత్తున, వెనక మడ్గార్డు నుంచి ముందు తలుపు దాకా నాలుగు వేళ్ళ వెడల్పున రంగు అరిగి నున్నగా అయింది. దాని కిందనే సూదితో గీసినట్టు సన్నని గీత. మేక కాదు, బండి కాదు, సత్తెమ్మను అడిగితే ఒట్టు పెట్టుకుంది. బాపు కూడా వేలితో తడిమి చూసి ఏమీ చెప్పలేకపోయాడు.

నెల తిరిగేసరికి కారంతా సున్నాలే. బాపుకు ఇంకొక ఆలోచన వచ్చింది. నూట నలభై రూపాయల రంగు వేసేసినట్టే అనుకుని ఒక వారం బతికి చూద్దామన్నాడు. కారును మన సందులో పెట్టేది లేదు, సందు బయట కట్టెలమ్మే అడితి పక్కన, పైన రేకులున్న చోట పెడతాను, ఎవరూ ముట్టుకోవద్దు అని సందంతా చెప్పి వచ్చాడు. సత్తెమ్మ ముఖం చిన్నబుచ్చుకుంది.

కారును అక్కడ పెట్టిన మరునాటి పొద్దున మా నాయనమ్మ ఇంటికి రాలేదు. రోజూ తెల్లవారగానే సందు చివర హనుమాన్ గుడికి పోయి, మేము చాయ తాగే వేళకు ప్రసాదం గుడాలతో, అంటే శనగ గుగ్గిళ్ళతో, వచ్చేది. ఆవేళ చాయ చల్లారింది, నా బడి గంట కూడా దాటింది. గుడిలో లేదు, సత్తెమ్మ ఇంట్లో లేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గడపలో నిలబడింది. బాపు చెప్పులు లేకుండానే ఒకసారి అటు, ఒకసారి ఇటు పరుగెత్తాడు.

పది దాటాక సందులోకి ఒక జట్కా వచ్చింది. ముందు ఖాదర్ చాచా, వెనక గుడాల ఆకుదొన్నె ఒళ్ళో పెట్టుకుని నాయనమ్మ.

"స్టేషన్ కాడ గుర్రాల నడుమ నిలవడ్డది సాబ్," అన్నాడు చాచా, ఆమె చెయ్యి పట్టి దించుతూ. తర్వాత గొంతు తగ్గించాడు. "అమ్మకు కండ్లు కానొస్తలేవు. మీకు ఎర్కలేదా?"

ఊరందరి చూపూ సరిచేసే మా బాపు అప్పుడు నిలబడిన తీరు నేను మరిచిపోలేదు. చేతులు రెండూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"ఏమాయెనే అవ్వా?" అన్నాడు తల్లితో.

"నీ కారు లేకపాయె కొడుకా. అది దొరికితె దాని అంచు వట్టుకొని వస్త. అయిపోయిన కాడ మన గడప. ఇయ్యాల ఎంతసేపు నడిచినా గోడనే ఉన్నది."

అప్పుడు నేను ఆమె చేతి వంక చూశాను. మణికట్టుకు వెండి కడియం. నా భుజమంత ఎత్తులో ఆ చెయ్యి ఇంకా గాలిలో కారు కోసం వెతుకుతున్నట్టే ఉంది. బాపు కూడా అటే చూస్తున్నాడు.

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తె గడప దాటనిస్తరా నన్ను?"

ఆ రంగు లెక్క అక్కడితో ముగిసింది. దసరాకు ముందే నాయనమ్మను దవాఖానకు తీసుకుపోయారు. రెండు కళ్ళలోనూ ముదిరిన మోతిబిందు, అంటే శుక్లాలు. ఆపరేషను తర్వాత తల కదలకుండా ఇరుపక్కలా ఇసుక సంచులు పెట్టి, కళ్ళకు కట్లు కట్టి, రోజుల తరబడి పడుకోబెట్టారు. కదిలితే చూపు పోతుందన్నారు. బతుకమ్మ పండుగ ఆమె మంచం పక్కనే గడిచింది; అమ్మ రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్ద చిదిమి చిదిమి నోట్లో పెట్టేది, నేను కిటికీలోంచి కనబడేవన్నీ, ఎండలో ఆరేసిన దుప్పట్లతో సహా, ఆమెకు చెప్పేదాన్ని. బాపు దుకాణం నుంచి వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చునేవాడు. ఆమె అద్దాలు ఆయనే తన చేత్తో అరగదీశాడు.

కారుకు రంగు ఖాదర్ చాచానే వేశాడు, పదిహేను రూపాయలకు, మళ్ళీ ఆకుపచ్చే, రెండు పూతలు. కుంచె వెంట్రుకలు రెండు మూడు దానికే అంటుకుపోయాయి. అది ఆరిన మూడో రోజు, సీసా అడుగులంత మందం అద్దాలు పెట్టుకుని నాయనమ్మ గడప దిగింది. కారు చుట్టూ మెల్లగా తిరిగింది.

"ఇది పచ్చదా?" అంది. "ఇన్నొద్దులు నల్లదనుకున్న."

"నచ్చిందా అవ్వా?"

"రంగు మంచిగనే ఉన్నది. నువ్వే ముసలోనివయినవు," అంది, బాపు ముఖంలోకి చాలాసేపు చూసి. ఆయన నవ్వాడు గాని కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే సత్తెమ్మ తాంబాళం మళ్ళీ బానెట్టు మీదికి వచ్చింది. సుద్దముక్క నా దగ్గరే ఉన్నా నేనిక సున్నాలు చుట్టలేదు. తర్వాత యుద్ధం వచ్చి పెట్రోలుకు రేషను చీటీలు పెట్టినప్పుడు కారు నెలల తరబడి సందులోనే నిలబడిపోయింది. చివరికి బాపు దాన్ని ఎవరికో అమ్మేసి అబిడ్స్‌కు నడక మొదలుపెట్టాడు.

పోయిన నెల ఒక పెళ్ళికి నాంపల్లి పోయి, తిరిగి వస్తూ ఆ సందు చూద్దామని ఒక్కదాన్నే దిగాను. హనుమాన్ గుడి ఉంది, దానికి ఇప్పుడు నాపరాళ్ళకు బదులు పాలరాయి. అడితి లేదు, మునగచెట్టు లేదు, ఇళ్ళ స్థానంలో నాలుగంతస్తుల లాడ్జీలు, వాటి ముందు వరసగా కార్లు. మోకాలు పట్టేస్తే ఒక తెల్ల కారు మీద చెయ్యి ఆనించాను. అది సందు అదిరేలా కూత పెట్టింది. లాడ్జీలోంచి ఒక కుర్రవాడు పరుగెత్తుకొచ్చి, నా తెల్లజుట్టు చూసి కోపం తగ్గించుకున్నాడు.

"ఎవలింటికి పోవాలె అమ్మా?"

మా ఇంటికే అనబోయి ఆగాను. స్టేషను రోడ్డు ఎటు అని అడిగాను. అతను నా చెయ్యి పట్టుకుని స్టేషను దాకా నడిపించాడు.