పుట్టిల్లు లేని ఎర్ర బండి

"పేట ఎర్ర బండి పోయినాడప్పా, పొద్దున్నే."

మా మేనమామ చనిపోయిన వార్త నాకు ఇలా తెలిసింది, అదీ ఒక కార్ల వాట్సాప్ గ్రూపులో. అత్త ఏడుస్తూ మామ ఫోను తీసి, మొదట కనిపించిన నంబరు నొక్కిందట. అది చుట్టాల్లో ఎవరిదీ కాదు, నాదీ కాదు. కుప్పంలో పట్టుగూళ్ళ వ్యాపారం చేసే ఒకాయనది. ఆయనే గ్రూపులో రాశాడు.

ఆ గ్రూపులో ఎవరికీ పేర్లుండవు. ఊరు, బండి రంగు, అంతే. కుప్పం తెల్ల బండి, ముళబాగిలు బూడిద బండి, వి.కోట నల్ల బండి, రాబర్ట్‌సన్‌పేట ఎర్ర బండి. అందరివీ ఒకే కంపెనీ కార్లు, ఒకే మోడల్. ఆ కంపెనీ మన దేశంలో అంగడి మూసేసి వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. నాకు అలాంటి కారు లేకపోయినా, "నువ్వూ మన బండి పిల్లవే కదా" అని మామే నన్ను అందులో చేర్చాడు. వార్త చదివి బావురుమన్నాను. ఆ ఏడుపులోనే నవ్వు కూడా వచ్చింది. మనిషినీ బండినీ కలిపి ఒకే పేరుతో పిలిచారని తెలిస్తే మామ ఎంత మురిసిపోయేవాడో!

మామకు పేటలో ధాన్యం మండీ ఉండేది. రాగిగింజ నోట్లో వేసుకుని అది ఏ వైపు చేనుదో చెప్పగలడని పేరు. అలాంటి మనిషి బెంగళూరు షోరూముకు వెళ్ళి, ఊళ్ళో అందరూ కొనే కారు వదిలేసి, ఎవరూ కొనని ఎర్ర కారు తెచ్చాడు. తెచ్చిన ఏడాదిలోపే కంపెనీ మూటాముల్లె సర్దుకుంది. బజారంతా పరామర్శకు వచ్చింది. అత్త అందరికీ కాఫీ ఇచ్చి ఇచ్చి విసిగిపోయింది. పక్క అంగడి శెట్టి గారైతే బుగ్గన చెయ్యి పెట్టుకుని, "ఏమప్పా, గింజ కొరికి చూసి కొనేటోడివి, ఇట్లా మోసపోతివే!" అన్నాడు.

మామకు మోసపోయిన మొహమే లేదు. "కంపెనీ పోతే బండి యాడికి పోతాది? వాకిట్లోనే కదా ఉండాది! పుట్టిల్లు లేని కోడల్ని ఇంగా బాగా చూసుకోవాల శెట్టీ, అంతే" అన్నాడు.

అన్నట్టే చూసుకున్నాడు. ఆయుధపూజకు అందరూ బండికి గుమ్మడికాయ కొడతారు. మామ దాంతో ఆగేవాడు కాదు. సీటు మీద పళ్ళెంలో పసుపు, కుంకుమ, గాజులు, రవికగుడ్డ పెట్టి, "పుట్టింటోళ్ళు లేరు కదా, దీనికి సారె మనమే పెట్టాల" అనేవాడు. అత్త వంటింట్లోంచి, "నాకు చీర తెచ్చి ఎన్నేండ్లాయె, నా సవతికి మాత్రం ఏటేటా రవికలు!" అని అరిచేది. కారును అత్త ఎప్పుడూ సవతి అనే పిలిచేది. మామ దాన్ని మెచ్చుకోలుగా తీసుకునేవాడు.

నాకు డ్రైవింగ్ నేర్పింది ఆ కారులోనే, బంగారు గనుల వాళ్ళు పోసిన సైనైడ్ మట్టి దిబ్బల పక్కనున్న బయల్లో. గేరు కర్రుమంటే ఆయన మొహం, ఎవరో తన చెవి మెలేసినట్టు అయ్యేది. "మెల్లగా పాపా, దీనికి నొప్పి చేస్తే మందులంగడి లేదు!" ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. ఇప్పటికీ ఏ కారు నడిపినా నా ఎడమకాలు దానంతటదే మెత్తబడుతుంది.

ఇక ఆయన నియమం ఒకటుండేది. దారిలో అదే మోడల్ కనిపిస్తే ఆగి పలకరించాల్సిందే. "ఒకే ఇంటి ఆడబిడ్డలు దోవలో ఎదురైతే పలకరించకుండా పోతారా?" అనేవాడు. ఆ నియమం మమ్మల్ని పోలీస్ స్టేషనుకు కూడా తీసుకుపోయింది.

ముళబాగిలులో పెళ్ళికి వెళ్తున్నాం. ముందు సీట్లో అత్త పట్టుచీరలో, వెనక నేను, నా ఒళ్ళో చదివింపుల బిందె. బేతమంగళ దాటాక ఎదురుగా అదే మోడల్ తెల్ల కారు రయ్యిన పోయింది. మామ కళ్ళు వెలిగిపోయాయి. రోడ్డు మీదే బండి తిప్పేశాడు. "ముహూర్తం, ముహూర్తం!" అని అత్త కేకలు. మామ లైట్లు కొడుతున్నాడు, హారన్ కొడుతున్నాడు, కిటికీలోంచి చెయ్యి ఊపుతున్నాడు. ఆ తెల్ల బండాయన అద్దంలో చూసుకుని వేగం పెంచాడు. మామ ఇంకా పెంచాడు. బిందె నా ఒళ్ళోంచి ఎగిరి పడుతోంది. చివరికి ఆ తెల్ల కారు నేరుగా పోలీస్ స్టేషన్ ఆవరణలోకి దూరింది. ఆయన దిగి, "సార్, తరుముకోనొస్తా ఉండారు సార్!" అంటూ లోపలికి పరుగు.

మామ ఆయన వెనకే పరుగెత్తాడు. వగరుస్తూ అందరి ముందూ అడిగిన మొదటి మాట, "అన్నా, మీ బండిలో క్లచ్ ఎట్లుండాది?"

తెల్ల బండాయన బిత్తరపోయి చూశాడు. కాసేపటికి, "పోయిన నెల కొంచెం జారతా ఉండె. మీకూ అట్లేనా?" అన్నాడు. ఇన్‌స్పెక్టరు నవ్వలేక చచ్చాడు. అక్కడే టీ తాగారు, అక్కడే రెండు బానెట్లు ఎత్తుకుని చూసుకున్నారు. మేము పెళ్ళికి చేరేసరికి ఆఖరి పంక్తిలో చారూ మజ్జిగా మిగిలాయి. ఆ తెల్ల బండాయనే కుప్పం ఆయన. గ్రూపు పుట్టింది ఆ స్టేషన్‌లోనే.

తర్వాత వాళ్ళలో ఒక కట్టుబాటు ఏర్పడింది. ఎవరి బండి పూర్తిగా పోయినా దాని సామాను మిగిలిన బండ్లకు పంచాలి. ముళబాగిలు బూడిద బండి చింతచెట్టుకు గుద్దుకున్నప్పుడు అందరూ వెళ్ళి పంచుకున్నారు. మామ వాటాకు ముందరి ఎడమ తలుపు వచ్చింది. ఎర్ర కారుకు బూడిదరంగు తలుపు! రంగు వేయించమని అత్త పోరింది. "వద్దు, వాళ్ళింటి గుర్తు పోతాది" అన్నాడు మామ. బండి పోయినా ముళబాగిలు ఆయన గ్రూపులోనే ఉన్నాడు, పేరు కూడా మారలేదు.

ఏటా రాగి కోతలయ్యాక మామ మమ్మల్ని ఆ బండిలో ఆవని కొండ మీది గుడికి తీసుకెళ్ళేవాడు. పోయిన ఏడాది ఆయనకు జబ్బు చేసింది. సరిగ్గా అప్పుడే బండి క్లచ్ కూడా పోయింది. ఎక్కడా దొరకలేదు. కుప్పం ఆయన తన బండి కోసం ఒకటి దాచుకున్నాడని మాకు తెలుసు. నేను ఫోను తీస్తే మామ నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అడగొద్దు పాపా. అడిగితే ఇచ్చేస్తాడు. అందుకే అడగొద్దు."

నా చెయ్యి వదలకుండానే, "ఈసారి ఆవనికి నువ్వే తోలాల. నేనున్నా లేకున్నా బండి పోవాల" అన్నాడు. సరేనన్నాను. ఆ మాట నా గుండెలో ముల్లులా ఉండిపోయింది, ఎందుకంటే మామ పోయి మాసికం అయిన వెంటనే అత్త బండిని పాత ఇనుముకు ఇచ్చేయాలని నిశ్చయించింది. "ఆయప్ప లేని ఇంట్లో దీన్ని చూస్తా యాడ కూచునేది?" అంది. ఆమెను కాదనే ధైర్యం నాకు లేదు. క్లచ్ పోయిందని, సోమవారం బండి వెళ్ళిపోతుందని గ్రూపులో రాశాను.

ఆదివారం పొద్దున వీధిలో వరసగా హారన్లు. బయటికొచ్చి చూస్తే ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే మొహమున్న కార్లు! నాకు ఒళ్ళు మండింది. కట్టుబాటు నాకు తెలియనిదా? పంచుకోవడానికి వచ్చారు. మెట్ల మీద నిలబడి, "సోమవారం దాకా అయినా ఆగలేకపోయినారా? మనిషి పోయి ఇంగా నెలే కదా అయ్యింది!" అని అరిచేశాను.

కుప్పం ఆయన కారులోంచి దిగాడు. చేతిలో పళ్ళెం. దాని మీద రవికగుడ్డ, గుడ్డ మీద పసుపు రాసిన కొత్త క్లచ్. ఆయన వెనక ఒకరి చేతిలో ఆయిల్ డబ్బా, ఇంకొకరి చేతిలో వైపర్లు. బండే లేని ముళబాగిలు ఆయన బస్సులో వచ్చాడు, గాజులు పట్టుకుని.

"పీకేదానికి రాలేదమ్మా. పుట్టింటోళ్ళం కదా, సారె తెచ్చినాము. చావింట్లో తప్పేమో అని దోవంతా అనుకుంటానే వచ్చినాము" అన్నాడు కుప్పం ఆయన.

అత్త గడప దగ్గర ఎప్పుడొచ్చి నిలబడిందో. పళ్ళెం వైపు చాలాసేపు చూసింది. కొంగుతో మొహం తుడుచుకుని, "మైల నాకు గానీ దానికేమి? కోడలి పుట్టింటోళ్ళు వచ్చి నిలబడుకోనుంటే అరస్తావేమే? కాళ్ళకు నీళ్ళియ్యి పాపా!" అంది. నేను చెంబు కోసం లోపలికి పరుగెత్తాను, నవ్వుతూ, ఏడుస్తూ.

వాళ్ళు తెచ్చిన మెకానిక్ బండి కింద దూరాడు. అందరూ చుట్టూ గుమికూడి కొత్త పెళ్ళికూతురి అలంకరణకు చెప్పినట్టు సలహాలు చెప్పారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక తాళం తిప్పాను. ఎర్ర బండి ఒకసారి దగ్గి, అందుకుంది! వీధి వీధంతా ఈలలు. మామా, ఆ చప్పుడు నీకు వినిపించి ఉంటే!

ఏటి సూతకం, గుడికి పోకూడదు. కొండ కింద దాకా వెళ్ళి వద్దామని అత్తే అంది. తన సవతిలో నా పక్కన కూర్చుంది. వెనక వరసగా మిగిలిన బండ్లు. ఆవని ఇంకా కాస్త దూరం ఉందనగా ఎదురుగా ఒక నీలం కారు వచ్చి మమ్మల్ని దాటిపోయింది. అదే మోడల్. మాలో ఎవరిదీ కాదు.

నేను ముందుకే పోనిస్తున్నాను. అత్త మాత్రం నిటారుగా అయింది. "పాపా, మన బండే! ఎవరో కొత్తోళ్ళు! పోతా ఉండారు, తిప్పు, తిప్పు!"

తిప్పాను. అద్దంలో తెల్ల బండి తిరిగింది, నల్ల బండి తిరిగింది, ఒక్కొక్కటే అన్నీ తిరుగుతున్నాయి. పక్కన ఆ బూడిదరంగు తలుపు కిటికీలోంచి అత్త చెయ్యి బయటికి చాచి, ఆగు, ఆగు అని ఊపుతూనే ఉంది.