మొలతాడు కింది మచ్చ

కోటగిరి దగ్గర బెల్లం బట్టీ నడిపే పోశన్న ఒంటిమీది మచ్చలన్నీ అతని భార్య అనసూయమ్మకు కంఠతా వచ్చు. మరిగే పాకం చిట్లి మీద పడినప్పుడల్లా ఒక మచ్చ మిగులుతుంది. మోచేతి మీదది బిడ్డ పుట్టిన ఏడాదిది. మెడ పక్కది సొంతంగా బట్టీ పెట్టిన నాటిది. ముప్పై ఏళ్లుగా అన్నిటికీ కొబ్బరినూనె రాసింది ఆమే. రాస్తున్నంతసేపూ తిట్టేది, అది వేరే సంగతి.

ఈసారి బట్టీ రాజేసిన పది రోజులకే పోశన్నకు జ్వరం పట్టుకుంది. ఊళ్లో సూది వేయించారు, గోలీలు మింగించారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ ఒళ్లు కాలిపోయేది. ఎనిమిదో రోజు ఆయాసం మొదలయ్యేసరికి, బట్టీకి చెరుకు పంపే రైతు బ్రహ్మానందం వాళ్లిద్దరినీ తన కారులో నిజామాబాద్‌లోని ఒక దవాఖానకు చేర్చాడు.

అక్కడి డాక్టరు సుచిత్ర ఓపికగా అన్నీ అడిగింది. చివరికి, "ఒంటిమీద ఎక్కడైనా నల్లగా పక్కు కట్టిన పుండు ఉందామ్మా?" అంది.

"ఒకటా రెండా డాక్టరమ్మా. పాకం పడ్డ మచ్చలే గవన్ని. బెల్లం వండెటోని ఒళ్లు గట్లనే ఉంటది." అంత దిగులులోనూ అనసూయమ్మ గొంతులో కాస్త గర్వం పలికింది.

సుచిత్ర చేతులు, మెడ, వీపు చూసింది. అన్నీ మానిన మచ్చలే. నడుం దగ్గర చూద్దామని నర్సు మొలతాడు మీద చెయ్యి వేయగానే అనసూయమ్మ ఆ చెయ్యి పట్టేసుకుంది.

"గది ముట్టకు బిడ్డా. మొలతాడు తెంపేది పాణం పోయినంకనే."

ఆమె మొహం చూసి నర్సు చెయ్యి వెనక్కి తీసుకుంది. రక్తం పరీక్షకు పంపి, అప్పటికి మామూలు జ్వరం మందు ఎక్కించారు.

మధ్యాహ్నానికి పోశన్న పిలిస్తే పలకడం మానేశాడు. అనసూయమ్మ ఏం చేయాలో తోచక తడిగుడ్డతో ఒళ్లు తుడవసాగింది. మొలతాడు తెంపొద్దు గాని జరిపితే తప్పేముందని కొంచెం జరిపింది. దాని కిందే దాక్కుని ఉంది, కందిగింజంత నల్లటి పక్కు, చుట్టూ ఎర్రగా.

పాకం చుక్కే అనుకుంది ముందు. అలవాటు కొద్దీ చెయ్యి నూనె సీసా కోసం వెతికింది కూడా. అంతలో ఆగిపోయింది. పొయ్యి దగ్గర నిలబడేటప్పుడు పోశన్న నడుముకు తడి గోనెపట్టా ఉంటుంది. కట్టేది తనే. ముప్పై ఏళ్లలో ఒక్క చుక్క దాన్ని దాటి లోపలికి పోలేదు. పైగా పాకం పడితే ఇల్లంతా వినబడేలా మొత్తుకునే మనిషి, దీని గురించి ఒక్క మాటా అనలేదు.

చెప్పులు కూడా వేసుకోకుండా డాక్టరు దగ్గరికి ఉరికింది. సుచిత్ర వచ్చి వంగి చూస్తుంటే తాడు మళ్లీ అడ్డం జారింది. అనసూయమ్మ దాన్ని తన చేతులతోనే పటుక్కున తెంపేసింది.

వెంటనే మందు మారింది.

"చెరుకు మడుల గడ్డిలో కంటికి ఆనని పురుగు కుట్టిన చోటిది. ఆ కాటులోంచే జ్వరం క్రిమి ఒంట్లోకి దిగింది," అంది సుచిత్ర. "మన ఒంట్లో కాపలా కణాలుంటాయమ్మా. బయటి క్రిమి వస్తే మింగి అరిగించేస్తాయి. ఈ క్రిమి గట్టిది. మింగిన కణం దీని చుట్టూ సంచి కడితే, ఆ సంచి చించుకుని వచ్చి ఆ కణంలోనే పిల్లల్ని పెడుతుంది."

"మరి ఒళ్లు ఊకుంటదా?"

"ఊరుకోదు. లోపల దొంగ దూరాడని ఆ కణమే కబురు పంపుతుంది. వేరే కణాలు వచ్చి దొంగతో పాటు ఆ కణాన్నీ చంపుతాయి. ఈ జ్వరం ఆ కొట్లాటదే. పొద్దున ఎక్కించిన మందు కణం బయటే ఆగిపోతుంది. ఇది లోపలికి పోతుంది."

అనసూయమ్మకు సగమే అర్థమైంది. ఆ సగం చాలు ఆమెను కోయడానికి. ఇన్ని రోజులూ ఆయన ఒళ్లు లోపల్లోపల ఒంటరిగా కొట్లాడుతుంటే, ఆనవాలు చూడబోయిన చెయ్యిని పొద్దున ఆపింది తనే. వార్డులో అందరూ చూస్తున్నా ఆపుకోలేక ఏడ్చింది.

రెండో రోజు సాయంత్రానికి జ్వరం దిగింది. పోశన్న కళ్లు తెరిచి, "బట్టీ ఎట్లున్నదే?" అన్నాడు.

"నీకంటే మంచిగనే ఉన్నది."

ఇంటికి వచ్చిన వారానికి స్నానం చేసి కూర్చున్నప్పుడు అతను నడుం మీది మచ్చ తడిమి చూసుకున్నాడు. "గిది ఏ ఏటిదే అనసూయా? నాకు యాదికొస్తలేదు."

"బట్టీది కాదయ్యా గది. నాది," అంది. దవాఖానలో జరిగిందంతా చెప్పింది, పొద్దున నర్సు చెయ్యి పట్టుకున్న సంగతితో సహా. పోశన్న లేచి నిలబడి చేతులు పైకెత్తాడు. ఆమె కొత్త మొలతాడు తీసుకుని, మచ్చ కనబడేలా రెండు వేళ్లు పైకి కట్టింది.