షామన్న గరీబు ముచ్చట

ఆ రోజుల్లో మా చొప్పదండి దిక్కు పిల్లగాడు గల్ఫ్‌కు పోయాడంటే, అక్కడ ఏం పని చేస్తున్నాడని అడగడం మర్యాద కాదనుకునేవారు. చెప్పడానికి వాళ్లకు సిగ్గు, వినడానికి వీళ్లకు సిగ్గు. నా విషయంలో ఆ ఇబ్బంది లేకుండా పోయింది. "మావోడు ఫుట్‌బాల్ క్లబ్బుల ఉన్నడు" అని మా అవ్వ (అమ్మను మేం అవ్వ అంటాం) ఊరంతా చెప్పింది. అబద్ధమేం కాదు. ఆటగాళ్లు విడిచిన చెమట జెర్సీలను ఉతికి, ఆరేసి, నంబర్ల వారీగా మడతపెట్టడం నా ఉద్యోగం. ఊళ్లో మాత్రం నేను గోల్స్ కొడుతున్నానని పేరొచ్చింది. (మా బాపుకు మొదటినుంచీ అనుమానమే. చిన్నప్పుడు నేను బర్రె వెనుక కూడా పరుగెత్తి ఎరగనని ఆయనకు తెలుసు.)

ఆ క్లబ్బులో సిరియా దేశపు ఆటగాడు ఒకాయన ఉండేవాడు. సిరియాను అక్కడివాళ్లు షామ్ అంటారు కాబట్టి మేం ఆయనకు షామన్న అని పేరు పెట్టుకున్నాం. పొడుగు మనిషి, డిఫెండర్. చిన్న వయసులోనే సొంతూరి క్లబ్బులో ఆడి పేరు తెచ్చుకున్నాడట. ఇంతలో యుద్ధమొచ్చి, గ్రౌండ్‌లో బంతులకు బదులు బాంబులు పడుతుంటే జోర్డాన్ పోయి, ఇరాక్ పోయి, ఒమన్ పోయి, చివరికి మా దగ్గర తేలాడు. మాట తక్కువ. ఒకనాడు మ్యాచ్ ఓడిపోయి వచ్చి, నా వాషింగ్ మెషీన్ల పక్కన బల్ల మీద కూలబడి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని "అనా గరీబ్" అన్నాడు. 'గ'ను కొంచెం గొంతులో గరగరలాడించాడు గానీ, మాట మాత్రం మన మాటే.

నాకు అరబ్బీ రాదు. అయినా కరీంనగర్ జిల్లాలో పుట్టినవాడికి గరీబంటే ఏమిటో ఒకరు చెప్పాలా? నా గుండె తరుక్కుపోయింది. రూముకు పోగానే, మా అందరికీ వంటచేసి పెట్టే ధర్మపురి మామకు (వరసకు మామ కాదు, వయసుకు మామ) చెప్పాను.

"మామా, షామన్న గరీబోడట. నోరు తెరిచి చెప్పిండు."

"గంత పెద్ద కారుల తిరుగుతడు గదరా?"

"కారు క్లబ్బుది మామా. మనల్ని తోల్కపోయే బస్సు మనదా ఏంది?"

ఇంతటి తెలివి విన్నాక మామ జొన్నపిండి డబ్బా తీశాడు. మరునాటి నుంచి షామన్నకు మా టిఫిన్ డబ్బా వెళ్లడం మొదలైంది. జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఎల్లిపాయ కారం. ఆయన మర్యాదగా తింటూ కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. అవి కారానికి వచ్చిన నీళ్లని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం, ఎన్నాళ్ల ఆకలో పాపమని మామ ఇంకో రొట్టె ఎక్కువ పెట్టి పంపేవాడు. ఆయన బూట్లు చూసినా, గడియారం చూసినా మాకు అనుమానం రాలేదు. జాలిపడటంలో ఉన్న సుఖం అలాంటిది. గల్ఫ్‌లో దిగిన తర్వాత మాకంటే తక్కువవాడు దొరకడం అదే మొదలు. అంత సులువుగా వదులుకుంటామా?

సీజన్ అయిపోవచ్చింది. విదేశీ ఆటగాళ్లలో ఎవరిని ఉంచుకోవాలో, ఎవరిని పంపాలో మేనేజర్ తేల్చే సమయం. కాంట్రాక్టు లేకపోతే వీసా లేదు (ఈ ఒక్క సంగతిలో షామన్న, నేను సమానం). సొంతూరికి పోదామంటే అక్కడ క్లబ్బు మూతపడింది. ఇంత ఇంగ్లిష్, ఇంత సైగ కలిపి ఆయన నాకు ఒక్కటే చెప్పాడు: ఎప్పటికైనా మా ఊరి గ్రౌండ్‌లో మా అమ్మ చూస్తుండగా ఆడాలి, అందాకా ఎక్కడో ఒకచోట ఆడుతూనే ఉండాలి, ఆట ఆగితే కాళ్లు మర్చిపోతాయి. ఆ మాట విన్నాక నేను ఊరుకోలేకపోయాను. ఉన్న చొక్కాల్లో మంచిది ఇస్త్రీ చేసుకుని మేనేజర్ గదిలోకి వెళ్లాను. ఆయనకు ఉర్దూ, అరబ్బీ రెండూ వచ్చు. నాకూ అరబ్బీ వచ్చునని ఆయనకు తెలియాలని షామన్న పేరు చెప్పి "హాదా గరీబ్" (ఈయన గరీబు) అని మొదలుపెట్టి, మిగతాది ఉర్దూలో బతిమాలాను.

"తెలుసు. అదే కదా తలనొప్పి! గరీబు కాకపోతే ఎప్పుడో ఉంచుకునేవాణ్ని" అన్నాడు మేనేజర్.

నాకు ఒళ్లు మండింది. "బీదోళ్లంటే గంత చులకనా సార్?" అన్నాను.

ఆయన కాసేపు నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి మరీ నవ్వాడు. "అరె మియా, గరీబంటే మీకు పైసల్లేనోడు. అరబ్బీలో గరీబంటే పరాయివాడు. పరాయి దేశపువాళ్లను ఇంతమందినే ఉంచుకోవాలని లెక్క ఉంది. ఆయన గరీబే, నేను గరీబే, నువ్వూ గరీబువే." నవ్వు ఆపి నెమ్మదిగా, "ఆయన మోకాలు బాగాలేదు. ఈసారి ఉంచలేను" అన్నాడు.

రూముకొచ్చి మామకు సంగతంతా చెప్పాను.

"అయితే ఉన్నోడేనారా?"

"ఉన్నోడే మామా."

మామ లేచి స్టవ్ వెలిగించాడు. "ఉన్నోడైతే మాత్రం అవ్వ యాదికి రాదా? పిండి తియ్యి, రొట్టెలు జేద్దాం" అన్నాడు. ఆ సాయంత్రం షామన్నే మా రూముకొచ్చాడు. మేనేజర్ అంతా చెప్పినట్టున్నాడు, నన్ను చూడగానే పడీ పడీ నవ్వాడు. ఆయన నవ్వగా చూడటం నాకదే మొదటిసారి. పచ్చిపులుసు గిన్నె ఎత్తి తాగి, మామను వాటేసుకుని, మరునాడు ఇంకో దేశానికి వెళ్లిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. కారమని చెప్పాను.

ఇప్పుడు కరీంనగర్‌లో నాకో చిన్న లాండ్రీ షాపుంది. (క్రీడారంగాన్ని వదిలి ఇందులోకి ఎందుకొచ్చావని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు.) ఈమధ్య షామన్న నా ఫోనుకు ఒక వీడియో పంపాడు. ఒకవైపు గ్యాలరీ కప్పు ఎగిరిపోయిన పాత గ్రౌండు. గేటు దగ్గర ముసలి వాచ్‌మన్ ఆయన్ని ఆపి, పరకాయించి చూసి, పేరు పెట్టి పిలిచి కౌగిలించుకున్నాడు. గీత పక్కన కుర్చీ వేసుకుని ఒక పెద్దమ్మ కూర్చుని ఉంది. షామన్నకు గడ్డం నెరిసింది, మోకాలికి పట్టీ. బంతి ఆయన కాళ్ల సందులోంచే పోయింది, అవతలివాడు గోల్ కొట్టేశాడు. అయినా ఆ పెద్దమ్మ లేచి చప్పట్లు కొట్టింది. మడతపెడుతున్న చొక్కా పక్కన పడేసి నేనూ కొట్టాను.

"ఎవలు గెలిచిండ్రు?" అని లోపలినుంచి మా ఇంటామె అడిగింది.

"మనోళ్లే" అన్నాను.